మంచి పక్క మీద ఎర్ర గుర్తు

రూపేష్ సారుది మంచి చెయ్యి అని తాండూరంతా అంటుంది. అనేవాళ్లెవరూ ఆ చేతిని పనిలో చూడలేదు. బల్ల మీద ఉన్నవాళ్లు మత్తులో ఉంటారు, బయట కూర్చున్నవాళ్లు తలుపు మీది ఎర్ర లైటు చూస్తుంటారు. నేను చూశాను. రెండేళ్లు ఆయన పక్కన నిలబడి కత్తెరలూ దారాలూ అందించాను. నా పేరు అంజలి, థియేటర్ నర్సును. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి అంతదాకా వచ్చానని మావాళ్లకు గొప్పగా ఉండేది. నాకూ ఉండేది, అబద్ధమెందుకు.

నేనేదో వీరవనితననుకొని ఈ కథ చదవడం మొదలుపెట్టినవాళ్లుంటే ఇక్కడే ఆగిపోండి.

ఆసుపత్రి రూపేష్ సారు అన్న గిరీష్ సేటుది. వాళ్లది తాతల నాటి కందుల వ్యాపారం. తమ్ముడు డాక్టరు చదివి, హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో మూడేళ్లు చేసి, ఉన్నట్టుండి మానేసి వచ్చాడు. ఎందుకు మానేశాడని ఇక్కడ ఎవరూ అడగలేదు. అక్కడివాళ్లూ చెప్పలేదు. నాలుగు మంచి మాటలు రాసిన కాగితం చేతికిచ్చి సాగనంపారట. అన్న మార్కెట్ యార్డు వెనక మూడంతస్తులు కట్టి, కింద నీలం నాపరాళ్లు పరిపించి, తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు. యాలాల్ నుంచి, దౌల్తాబాద్ నుంచి, కర్ణాటక సరిహద్దు అవతలి ఊళ్ల నుంచి కన్నడం మాట్లాడుకుంటూ జనం వచ్చేవాళ్లు. సారు నవ్వుతూ పలకరించేవాడు. కోపం లేదు, గర్వం లేదు. తొందర మాత్రం ఉంది, దానికి తోడు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పోయిన దసరాకు ముందు దౌల్తాబాద్ నుంచి బిచ్చయ్య అనే ముసలాయన వచ్చాడు. ఎడమ గజ్జలో హెర్నియా. సారు కుడివైపు కోశాడు. లోపల చూస్తే అక్కడ ఏమీ లేదు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మాస్కు పైనుంచి ఆయన కళ్లు నన్నూ రజినక్కనూ చూశాయి. రజినక్క మా థియేటర్‌కు పెద్ద సిస్టర్. ఎవరం నోరు మెదపలేదు. ఆయన కుడివైపు కుట్టేసి, ఎడమవైపు కోసి అసలు పని చేశాడు. బయటికొచ్చి కొడుకుతో, "రెండు దిక్కుల ఉండె, రెండూ చేసిన" అన్నాడు. రజినక్క రిజిస్టర్‌లో రెండువైపులా అని రాసింది. కింద నేను సంతకం పెట్టాను. పది రోజులకు కుట్లు విప్పించుకోవడానికి వస్తూ బిచ్చయ్య ఒక సంచీ పల్లికాయలు తెచ్చాడు. ఒకదానికొస్తే రెండు చేసి పంపిన దేవుడట మా సారు. ఆ పల్లికాయలు ఉడకబెట్టుకొని అందరం తిన్నాం. నేనూ తిన్నాను.

ఎండాకాలం మొదట్లో కాశమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీశాడు. లోపల తెగకూడని గొట్టం ఒకటి తెగింది. మూడో రోజుకు ఆమె ఒళ్లంతా పసుపు పచ్చబడింది. అంబులెన్స్ ఎక్కించి హైదరాబాద్ పంపించారు. మా ఆసుపత్రి పద్ధతి అది. ఊపిరి ఉండగానే గేటు దాటించాలి, దాటాక ఏమైనా మా పుస్తకంలో పడదు. కాశమ్మ సగం దారిలోనే పోయింది.

ఆపరేషన్‌కు ముందు నింపాల్సిన కాగితం ఒకటుంటుంది. పేషెంటు ఎవరు, ఏ పక్క కొయ్యాలి, ఫిల్ము చూశారా, లోపల ఉన్నవాళ్లందరూ ఒప్పుకున్నారా. ప్రతి గడికీ గట్టిగా చదివి టిక్కు పెట్టాలని మాకు నర్సింగ్ బడిలో నేర్పారు. ఇక్కడ వారానికి సరిపడా కాగితాలకు సోమవారం పొద్దున్నే టిక్కులు పెట్టి ఫైళ్లలో గుచ్చేవాళ్లం. ఆ గుచ్చే పని నాదే.

మరి నోరెందుకు కుట్టుకున్నావని మీరు అడగొచ్చు. చేరిన రోజే నా నర్సింగ్ సర్టిఫికెట్లన్నీ గిరీష్ సేటు బీరువాలో పెట్టుకున్నాడు. అవి లేకుండా ఇంకో ఆసుపత్రి గడప తొక్కలేను. అది నిజమే. కానీ అది మొత్తం నిజం కాదు. నాకు భయం. చిన్నప్పటి నుంచీ గట్టిగా మాట్లాడేవాళ్ల ముందు కుక్కిన పేనులా పడి ఉండటమే నాకు వచ్చు. నా కోపమంతా కడుపులోనే, పైకి వచ్చేసరికి "సరే సార్" అయిపోతుంది.

జూన్ నెలలో మా మేనత్త బుగ్గమ్మను తీసుకొని ఎంకయ్య మామ వచ్చాడు.

మా అమ్మ పోయాక నన్ను సాకింది బుగ్గమ్మత్తే. యాలాల్ అవతల ఊరు వాళ్లది. ఎనభై గొర్రెలు, ఎకరం కంది చేను. అత్తకు చాలా రోజుల నుంచి నడుం నొప్పి, చలిజ్వరం. వికారాబాద్‌లో స్కానింగ్ తీస్తే ఎడమ కిడ్నీ నిండా రాళ్లు, చీము. అది పూర్తిగా చెడిపోయింది, తీసెయ్యాలని రాశారు. కుడిది బాగుంది. ఆ ఒక్కటీ బాగుంది కాబట్టే మనిషి బతుకుతుంది. ఆ ఫిల్ము నేను కిటికీ వెలుతురులో పట్టుకొని పదిసార్లు చూశాను. చెడ్డది ఎడమ, మంచిది కుడి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఆపరేషన్ ఇక్కడే, రూపేష్ సారే చేస్తారని తేలింది. అంతకుముందు ఆయన కిడ్నీ ఆపరేషన్ చెయ్యడం నేను ఒక్కసారి చూశాను. ఇంకోసారి చూడాలని లేదు. ఆ సాయంత్రం గేటు ముందర చాయ్ బండి దగ్గర మామతో మాట కదిపాను.

"మామా, హైదరాబాద్ పోదమా. సర్కారు దవాఖానల మంచిగ చేస్తరు."

"ఆడ మనల్ని ఎవరు పలకరిస్తరు బిడ్డా. ఈడ నువ్వున్నవు."

"నేనుంటె ఏమైతది. కోసేది నేను గాదు గద."

"నువ్వు కండ్ల ముంగట ఉంటె మీ అత్తకు సగం నొప్పి పోతది. నిన్ను చూసే గద ఈడికి వచ్చినం."

నన్ను చూసి వచ్చారు. అప్పుడు చెప్పాల్సింది. కాశమ్మ సంగతి చెప్పి ఉంటే మామ అత్తను భుజాన వేసుకొనైనా అక్కడి నుంచి తీసుకుపోయేవాడు. అది నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. గేటు లోపల నుంచి గిరీష్ సేటు కారు బయటికి వస్తోంది, ఆయన నన్ను చూసి తల ఊపాడు, నేనూ నవ్వి తల ఊపాను. కారు పోయాక సగం మాట బయటికి తీశాను.

"గీ సారుకు జర తొందరెక్కువ మామా. ఒకసారి ఒక పెద్దమనిషికి ఎడమ దిక్కు కొయ్యాల్సింది కుడి దిక్కు కోసిండు."

మామ గ్లాసు కింద పెట్టాడు. "తర్వాత?"

"తర్వాత సరిచేసిండు. మనిషికి ఏం కాలే."

ఆయన గొంగడి అంచు సరిచేసుకున్నాడు. మామ తక్కువ మాటల మనిషి. ఎంత పెద్ద కష్టాన్నైనా గొర్రెల కష్టంగా మార్చుకొని ఆలోచిస్తాడు. అక్కడ ఆయనకు తెలియనిది లేదు.

"గంతేనా. ఫికర్ చెయ్యకు. నేను చూస్కుంట" అన్నాడు.

ఏం చూసుకుంటాడో నేను అడగలేదు. సగం చెప్పానన్న ఊరట చాలనిపించింది. బరువు దింపుకున్నదాన్ని, అది ఎవరి నెత్తిన పడిందో వెనక్కి తిరిగి చూడలేదు.

గురువారం పొద్దున అత్తకు స్నానం చేయించి ఆకుపచ్చ గౌను కట్టాను. ఆమె భయపడుతోంది. భయం కనపడనియ్యకుండా గొర్రెల గురించి, నా పెళ్లి గురించి ఏదేదో మాట్లాడుతోంది. నేను థియేటర్‌కు తయారవుతుంటే రజినక్క ఆపింది.

"నీ అత్త గద. ఇయాల నువ్వు లోపటికి రాకు. చేతులు వణుకుతయ్. వార్డు చూస్కో."

కాదనాల్సింది. కాదనలేదు. అయ్యో అన్నట్టు ముఖం పెట్టాను గానీ లోపల హమ్మయ్య అనుకున్నాను. ఆయన కోస్తుంటే పక్కన నిలబడి చూడక్కర్లేదు. ఇంతకన్నా నన్ను నేను ఏం తిట్టుకోను.

పది గంటలకు అత్తను లోపలికి తీసుకుపోయారు. తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. పదకొండు కావస్తుంటే మామకు చాయ్ పట్టుకెళ్లాను. ఆయన బల్ల మీద బాసింపట్టు వేసుకొని తాపీగా కూర్చున్నాడు. చుట్టుపక్కలవాళ్లు గోళ్లు కొరుక్కుంటుంటే ఈయన ముఖంలో అంత నెమ్మది ఏమిటా అనిపించింది.

"అనంతగిరి స్వామికి మొక్కుకున్న. ఇంకోటి, నువ్వు చెప్పినవు గద, దానికి బందోబస్తు చేసిన" అన్నాడు.

"ఏం చేసినవు మామా?"

"గుర్తు పెట్టిన. పొద్దుగాల నువ్వు గౌను కట్టి పోయినంక. పెయింట్ డబ్బీ సంచిల్నే ఉండె. నడుం పక్కకు పెద్ద చుక్క పెట్టిన. మీ అత్త నవ్వింది, నన్ను గొర్రెను చేసినవా అని."

అడగడానికి భయపడ్డాను. అడిగాను.

"ఏ పక్క పెట్టినవు?"

"మంచిదాని మీద" అన్నాడు మామ. "దాన్ని ముట్టద్దని."

ఇది మీకు చెబితే తప్ప అర్థం కాదు. మా ఇళ్లలో కోతకు గొర్రెల్ని కొనే బేరగాడు మందలోకి వచ్చే ముందు, అమ్మకూడనివాటి మీద ఎర్ర చుక్క పెడతారు. ఈనబోయేవి, పాలిచ్చేవి, దేవుడికి విడిచిన పొట్టేలు. పూర్వం జాజు, అంటే ఎర్రమట్టి, పెట్టేవాళ్లు, వానకు పోతోందని ఇప్పుడు గేట్లకు వేసే పెయింట్. చుక్క ఉన్నదాని మీద బేరగాడి చెయ్యి పడకూడదు. ఎంత కటిక బేరగాడైనా ఆ గుర్తుకు విలువ ఇస్తాడు. మామ అరవయ్యేళ్ల బతుకులో ఆ చుక్క అంటే ఒక్కటే అర్థం, దీన్ని వదిలెయ్యి. ఆసుపత్రి బతుకులో చుక్క అంటే ఇక్కడ కొయ్యి. ఈ రెండూ తెలిసిన మనిషి ఆ భవనంలో నేను ఒక్కదాన్నే, నేనేమో వార్డులో దుప్పట్లు మడతపెడుతున్నాను.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు మామా" అన్నాను. అప్పుడు కూడా అదే మాట వచ్చింది నోటికి.

సారు ఫిల్ము చూస్తాడులే అనుకున్నాను. లైటు పెట్టె మీద ఫిల్ము పెట్టి ఉంటారు, అందులో ఎడమకు గుర్తుగా తెల్లగా ఎల్ అని రాసి ఉంటుంది, చూడకుండా ఎవరైనా కోస్తారా. అలా అనుకుంటూనే కాళ్లు వార్డు వైపు పరిగెత్తాయి. అత్త మంచం మీద దిండు ఎత్తాను. గోధుమ రంగు కవరు అక్కడే ఉంది. ఫిల్ము అందులోనే ఉంది. పొద్దున ఫైలుతో పాటు పంపాల్సింది నేను. అత్త కబుర్లలో పడి దిండు కింద పెట్టి మర్చిపోయింది కూడా నేనే. లోపల ఎవరూ ఫిల్ము కావాలని అడగలేదు. గంట నుంచీ అడగలేదు.

భయం అంటే ఇదని అంతవరకూ నాకు తెలియదు. నడవాలో గిరీష్ సేటు గది అద్దాల్లో నుంచి ఆయన తలెత్తి చూడటం కనిపించింది. ఆయన ముందు నేనెప్పుడూ పరిగెత్తలేదు. థియేటర్ తలుపు ముందు ఒక్క క్షణం ఆగాను. ఎర్ర లైటు వెలుగుతుండగా ఆ తలుపు తెరిచిన నర్సు మర్నాడు ఆ ఆసుపత్రిలో ఉండదు. ఆ సంగతి ఆలోచించాను, దాచను. అత్త ప్రాణం లోపల ఉండగా గడప ముందు నిలబడి నా ఉద్యోగం గురించి ఆలోచించాను. తర్వాత తలుపు తోశాను.

చెప్పులతోనే వెళ్లాను. టోపీ లేదు, మాస్కు లేదు.

అత్తను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టారు. కిడ్నీ తీసేటప్పుడు ఏది తియ్యాలో ఆ పక్క పైకి ఉంటుంది. కుడి పక్క పైకి ఉంది. ఆకుపచ్చ గుడ్డల మధ్య జానెడు ఒళ్లు, అప్పటికే కోసి తెరిచి ఉంది. కోత అంచున, పూసిన బెటాడిన్ మందు కింద, ఎర్ర పెయింట్ చుక్క సగానికి చీలి కనపడుతోంది. గోడ మీద లైటు పెట్టె ఆరిపోయి ఉంది.

"సార్, అది కుడి పక్క. తియ్యాల్సింది ఎడమది."

సారు తలెత్తలేదు. "ఈమెను ఎవరు రానిచ్చిండ్రు?"

"ఫిల్ము నా చేతుల ఉంది సార్. ఒక్కసారి చూడండి."

"గుర్తు పెట్టి ఉంది గద. బయటికి పో. రజినీ, ఈమెను తీస్కపో."

"ఆ గుర్తు మా మామ పెట్టిండు సార్. ముట్టద్దని పెట్టిండు."

"మీ మామ డాక్టరా?" అన్నాడు. మాస్కు వెనక చిన్న నవ్వు వినిపించింది. చెయ్యి ఆగలేదు. చెయ్యి లోపలికి పోతూనే ఉంది. బిచ్చయ్య బల్ల మీద ఉన్నప్పుడైనా ఒక క్షణం ఆగింది, ఈసారి అదీ లేదు.

రజినక్క వచ్చి నా భుజం పట్టుకుంది. నా కళ్లలోకి చూడలేదు. "అంజలీ, నడువు. సారు చూస్కుంటడు" అని నన్ను తలుపు వైపు తోసింది. ఆమెకూ బిచ్చయ్య గుర్తొచ్చాడని నాకు తెలుసు. మేమిద్దరం ఒకే రిజిస్టర్‌లో రాసినవాళ్లం.

థియేటర్‌లో మొదటి రోజు మాకు నేర్పేది ఒకటే. కడగని చెయ్యి ఆ ఆకుపచ్చ గుడ్డలకు తగలకూడదు. తగిలితే ఎంతటి సర్జన్ అయినా ఆపాలి, అన్నీ మార్చాలి, మళ్లీ మొదలుపెట్టాలి. రెండేళ్లలో నా మోచెయ్యి కూడా తగలలేదు. ఆ ఒక్క విషయంలో నాకు మంచి పేరుండేది.

రజినక్క చెయ్యి విదిలించుకున్నాను. పొద్దున్నుంచీ మంచాలూ, గొళ్లేలూ, చాయ్ గ్లాసులూ పట్టుకున్న ఉత్త చేతిని మా అత్త తెరిచిన ఒంట్లో పెట్టాను. గుడ్డల మీద కాదు, లోపలే పెట్టాను. వెచ్చగా ఉంది. సారు కత్తెర నా వేలికి తగిలి ఆగింది.

అప్పుడు సారు తలెత్తాడు.

"ఏం చేసినవో తెలుసా నీకు?" అన్నాడు సారు. మొదటిసారి ఆయన గొంతులో నవ్వు లేదు.

"తెలుసు సార్. మైల చేసిన. ఇగ ఆపాలె."

వికారాబాద్ నుంచి రైల్లో వచ్చే ముసలి మత్తు డాక్టరు అప్పటిదాకా అత్త తల దగ్గర స్టూలు మీద ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన లేచి నా ఎడమ చేతిలోని కవరు తీసుకున్నాడు. ఫిల్ము పైలైటు వైపు ఎత్తి పట్టుకొని చూశాడు. కళ్లద్దాలు సరిచేసుకొని మళ్లీ చూశాడు.

"ఎడమే రూపేష్. మూసెయ్యి" అన్నాడు.

గుర్తును సారే పెట్టాడనుకున్నానని రజినక్క అంది. సిస్టర్లు పెట్టారనుకున్నానని సారు అన్నాడు. నా పని మత్తు వరకేనని మత్తు డాక్టరు అన్నాడు. అందరూ నిజమే చెప్పారు. ముందే టిక్కులు పెట్టి ఉన్న కాగితం ఫైల్లో భద్రంగా ఉంది. ఏ పక్క అన్న గడిలోనూ టిక్కు ఉంది.

ఆ మధ్యాహ్నమే అత్తను అంబులెన్స్‌లో హైదరాబాద్ సర్కారు దవాఖానకు పంపించారు. నేను వెంట వెళ్లాను. నాలుగో రోజుకు ఆ కుడి పక్క కోతకు చీము పట్టింది. జ్వరం దిగలేదు. అది నా చేతి మురికే, ఇంకెవరిదీ కాదు. పదకొండు రోజులు వార్డు బయట కూర్చొని, కాపాడానో చంపానో తెలియక చచ్చాను. అన్నం ముద్ద ఎత్తితే ఆ చెయ్యే కనపడేది, ఆ వెచ్చదనమే తగిలేది. పన్నెండో రోజు జ్వరం దిగింది. నెల తర్వాత అక్కడి డాక్టర్లు ఎడమ కిడ్నీ తీసేశారు. అత్త బతికింది. ఒంటికి రెండు పక్కలా కోతలు, ఉన్నది ఒక్క కిడ్నీ.

గిరీష్ సేటు ఈలోగా ఊరుకోలేదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టే రకం ఆయన. మామను గదిలోకి పిలిచి చాయ్ ఇచ్చి, "గుర్తు నువ్వే పెట్టితివి గద పెద్దాయనా. కేసయితే నీ మీదికే వస్తది. ఆ మాట మేం బయటికి రానియ్యం, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడట. మామ ఆయనకు రెండు చేతులా దండం పెట్టి వచ్చాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మా వాళ్లే అంటారు, చూస్తూ చూస్తూ నమ్మేది కూడా మా వాళ్లే. ఆరోజు నుంచి మామ భోజనం సరిగా చెయ్యలేదు. తన చేత్తో పెట్టిన చుక్కే పెళ్లాం మీదికి కత్తి తెచ్చిందని ఆయనకు నమ్మకం కుదిరిపోయింది.

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆ కోపంలో వికారాబాద్‌లోని జిల్లా వైద్యాధికారులకు ఫిర్యాదు రాశాను. మా అత్తకు జరిగింది అక్షరం పొల్లుపోకుండా రాశాను. బిచ్చయ్య గురించి రాయలేదు. కాశమ్మ గురించి రాయలేదు. రాస్తే కింద నా సంతకం ఉంది కదా. మళ్లీ సగమే.

ఆగస్టులో విచారణకు పిలిచారు. మామా నేనూ తాండూరులో పొద్దుటి రైలెక్కి వికారాబాద్ వెళ్లాం. విచారణ చేసే డాక్టరమ్మ పేరు పద్మారాణి. బల్లకు అటువైపు గిరీష్ సేటు, ఇద్దరు వకీళ్లు. రూపేష్ సారు రాలేదు. ఆరోజు తాండూరులో ఆయనకు మూడు ఆపరేషన్లు ఉన్నాయట, రద్దు చేస్తే పేషెంట్లకు ఇబ్బందట. ఆ మాట విన్నప్పటి నుంచి నా కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. పదకొండు దాటింది. మొదటిది బల్ల ఎక్కి ఉంటుంది. ఎవరో, ఏ పక్కో.

వకీలు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పేషెంటు భర్త తెలివితక్కువగా తప్పు పక్క గుర్తు పెట్టాడు. బయటి వ్యక్తి చేసిన పొరపాటు. నర్సు మైల చేతులతో చొరబడి ఇన్‌ఫెక్షన్ తెచ్చింది. డాక్టరు గారు తప్పు తెలియగానే ఆపరేషన్ ఆపారు.

పద్మారాణి మేడమ్ మామ వైపు తిరిగింది. "గుర్తు మీరే పెట్టిండ్రా?"

"నేనే పెట్టిన తల్లీ. తప్పు నాదే. రాస్కోండ్రి."

"మీకు అట్ల పెట్టాలని ఎందుకనిపించింది? ఎవరన్న చెప్పిండ్రా?"

మామ నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ, "ఎవ్వరు చెప్పలే. నాకే తోచింది" అన్నాడు.

జీవితంలో నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. సేటు బీరువాలో ఇంకా ఉన్న నా సర్టిఫికెట్ల కోసం ఆడాడు. ఆమె కలం తీసి రాయడం మొదలుపెట్టింది. ఆ వాక్యం పూర్తయితే అయిపోతుంది. తప్పు గొర్రెల కాపరిది. రూపేష్ సారు రేపు కూడా పదింటికి చేతులు కడుక్కుంటాడు. గిరీష్ సేటు నన్నే చూస్తున్నాడు, చాయ్ బండి దగ్గర చూసినట్టే, తల కొంచెం ఊపుతూ. ఈసారి నేను తల ఊపలేదు.

"ఆయన అబద్ధం చెప్తుండు మేడమ్" అన్నాను. "నేనే చెప్పిన. ఈ సారు ఇంతకుముందు పక్క తప్పు కోసిండని నేనే చెప్పిన."

కలం ఆగింది. బిచ్చయ్య సంగతి చెప్పాను, రిజిస్టర్‌లో ఏ పేజీలో ఉందో చెప్పాను, కింద సంతకం నాదేనని చెప్పాను. కాశమ్మ సంగతి చెప్పాను. సోమవారం టిక్కుల సంగతి, అది నేను చేసే పనేనని కూడా చెప్పాను. వకీలు లేచి ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి కూర్చోబెట్టింది. కాశమ్మ పేరు వినగానే మామ తల తిప్పి నన్ను చూశాడు. ఆయనకు ఆ పేరు నేనెప్పుడూ చెప్పలేదు.

"బిచ్చయ్యది ఎప్పటి సంగతి?" అంది మేడమ్.

"దసరాకు ముందు."

"అప్పటి నుంచి ఆయన ఎన్ని ఆపరేషన్లు చేసుంటడు?"

"వందకు పైనే మేడమ్. చాన మట్టుకు పక్కన నేనే ఉన్న."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

సర్టిఫికెట్ల గురించి చెప్పొచ్చు. భయం గురించి చెప్పొచ్చు. మామ నన్నే చూస్తున్నాడు.

"అప్పుడు బల్ల మీద ఉన్నది మా అత్త గాదు మేడమ్" అన్నాను.